గట్టు నడక, కొత్త బూట్లు

పోయిన ఆదివారం పొద్దున్నే మస్తాన్ తన మనవరాలు నజ్మాను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మస్తానూ నేనూ ఒకే రోజు, ఒకే రైల్లో మిలిటరీకి పోయినవాళ్ళం. రిటైరయ్యాక అతను గూడూరు దగ్గర కోట అనే ఊళ్ళో, నేను దానికి తూర్పున సముద్రం వైపున్న మా ఊళ్ళో స్థిరపడ్డాం. నజ్మా సైన్యంలోకి ఎంపికైంది, వచ్చే వారమే ట్రైనింగుకు పోవాలి. ఆ అమ్మాయి రెండేళ్ళుగా మా ఊరి ఇసుకలో పరుగులు తీస్తుంటే పక్కన నిలబడి గడియారం చూసింది నేనే కాబట్టి, ఆ ఎంపికలో నాకూ వాటా ఉందని ఊరంతా చెప్పుకుంటున్నాను. కాళ్ళకు దణ్ణం పెట్టి పోవడానికి వచ్చిందనుకున్నాను. మా ఇంటావిడ కాఫీ ఇచ్చింది. నేను గొంతు సవరించుకుని, సరిహద్దులో మంచు గురించి ఎప్పుడూ చెప్పేదే మొదలుపెట్టబోయాను.

"తాతా, ఆ కథలు నాకు కంఠతా వచ్చు," అంది నజ్మా. "మీరు గెలిచినవన్నీ చెప్పినారు. ట్రైనింగులో ఏం తప్పులు చేసినారో అది చెప్పండి. నేను పొయ్యేది ఆడికే గదా."

మస్తాన్ కాఫీ గ్లాసు కింద పెట్టి పగలబడి నవ్వాడు. "చెప్పరా పెంచలయ్యా. ఆముదం సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నాకు కోపం వచ్చింది, ఒప్పుకుంటాను. నలభై ఏళ్ళుగా కన్నబిడ్డలకు కూడా చెప్పని సంగతి అది. ఇసుకలో నా దగ్గర పరుగు నేర్చుకున్న పిల్లలందరూ నేను పుట్టుకతోనే సుబేదారుననుకుంటారు. ఆ అనుకోవడం నాకు బాగానే ఉండేది. కానీ ఆ అమ్మాయి అప్పటికే నోటుపుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను చెప్పకపోతే మస్తాన్ చెబుతాడు, చెబితే ఉన్నదానికి రెండింతలు చేసి చెబుతాడు. అందుకని నేనే మొదలుపెట్టాను.

ఆముదం సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది కాలువ చివరి పొలం. పైనున్నవాళ్ళందరూ తడుపుకున్నాక మిగిలినవే మాకు నీళ్ళు. ఇంటి నుంచి పొలానికి బాటంటూ లేదు, గట్లే బాట. ఆ గట్లను కూడా అటు రైతు అటు నుంచీ, ఇటు రైతు ఇటు నుంచీ ఏడాదికింత చెక్కుకుంటూ పోయి చివరికి జానెడు మిగిల్చారు. దాని మీద ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి, తల మీది నారుమోపును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిని ఒంటికి అదిమి పెట్టి నడవాలి. చెయ్యి ఊపామా, మోపు జారుతుంది, మోపుతో పాటు మనిషీ బురదలోకి పోతాడు. నాకు నడక వచ్చిన రోజు నుంచీ వచ్చిన నడక అదొక్కటే. మా ఇంట్లో అందరం ఎంత వెడల్పు రోడ్డు మీదైనా ఒకరి వెనక ఒకరం, చేతులు బిగించుకుని అలాగే నడిచేవాళ్ళం.

ఆ గట్ల వారనే మా అవ్వ ఆముదపు చెట్లు వేసేది. గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద కడవలో నీళ్ళు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను చిప్పతో తీసేది. ఆ రోజు మా ఇల్లూ, సగం వీధీ అదే వాసన, కమురుగా, కొంచెం వేయించిన శనక్కాయల్లాగా. ఆ నూనె తలకు, కడుపునొప్పికి, పసిబిడ్డల మాడుకు, బండి ఇరుసుకు, కొత్త చెప్పులకు కూడా. కోటలో కుట్టించిన తోలు చెప్పులు ఇంటికి వస్తే అవ్వ వెంటనే కాళ్ళకు వేసుకోనిచ్చేది కాదు. మూడు రోజులు ఆముదంలో నానబెట్టి, ఎండలో పెట్టి, గుడ్డతో తుడిచి, "ఇప్పుడు తొడుక్కోరా, ఇంక కరవదు," అనేది. నిజంగానే కరిచేది కాదు. అవ్వ ఆముదానికి లొంగని తోలు లోకంలో లేదని నా నమ్మకం.

ఇక మా నాయన. ఆయన నోటి నుంచి 'నాకు రాదు' అనే మాట నేను వినలేదు. ఎవరేం అడిగినా, "ఎందుకు రాదూ, వస్తాది," అనేవాడు. ఆయిల్ ఇంజను విప్పడం వచ్చా అని ఎవరో అడిగితే వస్తుందని పోయి, దాన్ని ముక్కలు ముక్కలుగా చాపమీద పరిచి, రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. ఆయనకు చదువు లేదు, కానీ గూడూరు బస్టాండులో బోర్డు వైపు చూసి తలాడించి మరీ ఎక్కేవాడు. ఒకసారి అలాగే కోటకు రావలసినవాళ్ళం ఉత్తరంగా పోయి, నెల్లూరు దాటి, పెన్న కూడా దాటి కోవూరులో తేలాం. దిగి చుట్టూ చూసి, "మనకు ఇక్కడ పనుందిలేరా," అన్నాడు. ఊరంతా ఒక చుట్టు తిప్పి, బొరుగులు కొనిపెట్టి, ఏ బస్సెక్కాలో ఎవరినీ అడక్కుండా సాయంత్రం దాకా రోడ్డు పక్కన నిలబెట్టాడు. నేను నవ్వలేదు. ఆయన నిబ్బరానికి మురిసిపోయాను, మగవాడంటే అలా ఉండాలనుకున్నాను.

మేమిద్దరం ఎంపికైంది పరుగులో. పండక్కో పబ్బానికో తప్ప చెప్పులు తొడక్కుండా ఇసుకలో పెరిగినవాణ్ణి నేను, గట్టినేల మీద పరుగెత్తమంటే నాకది ఆట. మస్తాన్ వాళ్ళ నాయన కోటలో పరుపులు కుట్టేవాడు. దూదిలో పుట్టి దూదిలో పెరిగినవాడు అంత గట్టిగా ఎలా పరుగెత్తాడని అందరూ ఆశ్చర్యపోయారు. బయలుదేరే రోజు నా ట్రంకుపెట్టెలో అవ్వ ఒక సీసా ఆముదం పెట్టింది. బస్టాండులో మా మేనమామ పదిమందీ వింటుండగా, "వీడు నెల తిరక్కముందే ఇంటికొస్తాడు చూడండి, అన్నం లేంది ఒక పూట ఉండలేడు," అన్నాడు. నాయన ఎప్పటిలాగే, "వాడికి రానిదేముందిరా, అన్నీ వస్తాయి," అన్నాడు. ఆ మాటతో నాకు వెనక్కి తిరిగే దారి లేకుండా పోయింది. నేను ఓడి తిరిగొస్తే నలుగురిలో తలవంచుకోవలసింది నాయన.

ట్రైనింగు సెంటరు ఎక్కడో ఎర్రమట్టి నేలల మధ్య ఉండేది. పొద్దున లేచింది మొదలు విజిల్, పరుగు, విజిల్, పరుగు. అన్నం బదులు రొట్టెలు, పప్పు. మొదటి వారం నేను రొట్టెను చూసి ఏడ్చాను, రెండో వారం లెక్కపెట్టకుండా తిన్నాను. కడుపు తొందరగా సర్దుకుంటుంది, దాని గురించి ఎవరూ భయపడక్కర్లేదు. సర్దుకోనిది వేరే ఉంది. మా డ్రిల్లు నేర్పే ఉస్తాద్ కొండప్రాంతం మనిషి. సన్నగా ఉండేవాడు, గొంతు మాత్రం గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. ఆయనకు హిందీ తప్ప రాదు, నాకు తెలుగు తప్ప రాదు. మస్తాన్ పేరు చూసి, వీడికి హిందుస్తానీ వచ్చుంటుందని, మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అతనికి అనువాదం పని అప్పజెప్పాడు. కానీ మస్తాన్ వాళ్ళింట్లో తరతరాలుగా తెలుగే. ఉస్తాద్ రెండు నిమిషాలు ఆగకుండా చెప్పి, అర్థమైందా అని కళ్ళెగరేసేవాడు. మస్తాన్, "జీ, ఉస్తాద్," అని అరిచేవాడు. తర్వాత నా చెవిలో, "ఏందో సరిగ్గా చెయ్యాలంట," అనేవాడు. నేనూ, "జీ, ఉస్తాద్," అనేవాణ్ణి. ఇలా రోజులు గడిచాయి.

బూట్లు ఇచ్చారు. నల్లటి కొత్త బూట్లు, కింద ఇనప మేకులు. బొటనవేలూ మిగతా వేళ్ళూ విడివిడిగా పరుచుకుని పెరిగిన నా పాదాలు వాటిలోకి పోనంటే పోనన్నాయి. మూడు రోజుల్లో మడమల మీద బొబ్బలు లేచాయి, ఐదో రోజుకు పగిలాయి. పక్క మంచం వాళ్ళకు తెలియకుండా మేజోళ్ళు నేనే ఉతుక్కున్నాను. డాక్టరుకు చూపిస్తే పిరికివాడంటారని భయం. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ ఉత్తరాలు రాసుకుంటుంటే నాకు అవ్వ గుర్తొచ్చింది. సీసా తీసి రెండు బూట్లలోనూ, పైనా ధారాళంగా ఆముదం పోసి, బాగా రుద్ది, బ్యారక్ వెనక ఎండలో పెట్టాను. మస్తాన్ వచ్చి వాసన చూసి, "మంచి పని చేసినావురా, నాకూ రొంత పొయ్యి," అన్నాడు. నయం, సీసా అయిపోయింది.

సోమవారం బూట్ల తనిఖీ. వాటిలో ముఖం కనిపించాలి, అదీ నియమం. నేను ఎంత పాలిష్ రుద్దినా ఆ తోలు దాన్ని మింగేస్తోంది గాని మెరవడం లేదు. చివరికి ఎలాగో నల్లగా చేసి గ్రౌండులో నాలుగడుగులు వేశాను. ఆ ఎర్రమట్టి అంతా వచ్చి బూట్లకు అంటుకుంది. వరసలో అందరి బూట్లూ నల్లగా నిగనిగలాడుతుంటే నావి మాత్రం అప్పుడే అలికిన అరుగు రంగులో ఉన్నాయి. ఉస్తాద్ నా ముందు ఆగి, వంగి, ముక్కుతో వాసన పీల్చాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. ఏమడిగాడో నాకు తెలియదు. "జీ, ఉస్తాద్," అన్నాను. ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని, నేనా చెప్పాను, అని అడిగాడట. నా జవాబు విని ప్లటూన్ మొత్తం నవ్వింది. ఆ రోజంతా రైఫిలు నెత్తి మీద పెట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తాను.

అసలు దెబ్బ డ్రిల్ పరీక్షలో తగిలింది. మార్చింగులో భుజం ఎత్తుకు చేతులు ఊపాలి. నా చేతులు ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. ఊపమని అరిస్తే ఏ కాలు లేస్తే ఆ చెయ్యే లేస్తుంది. పైగా మడమల నొప్పితో కుంటు. పాదాలు మాత్రం గట్టు మీద ఉన్నట్టు ఒకదాని ముందు ఒకటి పడతాయి. పరీక్ష తీసుకున్న ఆఫీసరు నా పేరు ముందు గీత గీశాడు. మూడు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష, అందులోనూ తప్పితే ఇంటికి పంపిస్తారని చదివి వినిపించారు. ఈసారి మస్తాన్ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. మా మేనమామ బస్టాండులో నిలబడి నవ్వుతున్నట్టూ, నాయన తలవంచుకుని ఉన్నట్టూ కళ్ళకు కట్టింది. అన్నం, రొట్టె ఏదీ సహించలేదు.

మర్నాడు సాయంత్రం ఉస్తాద్ నన్ను గ్రౌండు మూలకు పిలిచాడు, మస్తాన్‌ని కూడా రమ్మన్నాడు. తన చేతులు ఊపి చూపిస్తూ ఏదో చెప్పాడు. అర్థమైందా అన్నాడు. "జీ, ఉస్తాద్." అయితే నేను చెప్పింది తిరిగి చెప్పు అన్నట్టు సైగ చేశాడు. నేను మస్తాన్ వైపు చూశాను. మస్తాన్ ఆకాశం వైపు చూశాడు. ఉస్తాద్ కదలకుండా నిలబడ్డాడు. మూడు వారాల్లో ఇంటికి పోవడమా, ఇప్పుడు ఈ క్షణం పరువు పోగొట్టుకోవడమా అని లెక్కలు వేసుకున్నాను. చివరికి, పదిసార్లు విని నేర్చుకున్న మూడు ముక్కల హిందీలో, "నహీ ఆతా, ఉస్తాద్," అన్నాను. రాదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నేనన్నది అదే మొదటిసారి. వెంటనే పక్కన మస్తాన్, "ముఝే భీ నహీ ఆతా, ఉస్తాద్," అన్నాడు. నాకూ రాదని.

తిడతాడనుకున్నాను. ఆయన నవ్వి నేల మీద కూర్చున్నాడు, మమ్మల్నీ కూర్చోమన్నాడు. నా బూట్లు విప్పమన్నాడు. మడమలు చూసి చ్చొచ్చొ అన్నాడు. తన ఎడమ బూటు విప్పి, మడమ మీద పాత మచ్చ చూపించి, వేలితో తన తలకాయ తట్టుకున్నాడు, నేనూ నీలాంటి మూర్ఖుణ్ణే అన్నట్టు. నన్ను లేపి, మీ ఊళ్ళో ఎలా నడుస్తావో నడిచి చూపించమన్నాడు. ఆ సంగతి సైగలతోనే అర్థమైంది. నేను నా చొక్కా మూట కట్టి నెత్తిన పెట్టుకుని, బూటు మడమతో మట్టిలో జానెడు వెడల్పు గట్టు గీసి, దాని మీద నడిచాను. ఆయన చూసి చూసి, "అచ్ఛా!" అని తొడ చరిచాడు. నేను బద్ధకస్తుణ్ణి కాదనీ, మొండివాణ్ణి కాదనీ ఆయనకు తెలిసిపోయింది.

ఆ తర్వాత జరిగిందే నజ్మా ఎక్కువగా రాసుకుంది. ఆ పూటే నన్ను డాక్టరు దగ్గరికి పంపి నాలుగు రోజులు కాళ్ళకు విశ్రాంతి ఇప్పించాడు. స్టోరులో అడిగి ఒక సైజు పెద్ద బూట్లు మార్పించాడు. ఐదో రోజు నుంచి సాయంత్రం అరగంట, రెండు వెదురు కర్రలు తెచ్చి, మస్తాన్ ముందు, నేను వెనక, కర్రల చివరలు ఇద్దరి చేతుల్లో పెట్టి మార్చ్ అనేవాడు. మస్తాన్ చేతులు ఊపితే కర్రతో పాటు నా చేతులూ లేవాల్సిందే. మొదట్లో ఇద్దరం కలిసి పడ్డాం. వారానికి చేతులు వాటంతట అవే లేచాయి. పదో రోజున ఉస్తాద్ నడుస్తుండగానే కర్రలు లాగేసుకున్నాడు. నాకు ఆ సంగతి ఇరవై అడుగులు పోయాక గాని తెలియలేదు. హిందీ కూడా అలాగే వచ్చింది. అర్థం కానప్పుడల్లా చెయ్యెత్తి రాదు అనడం, ఆయన చేసి చూపించడం. నెలలో మస్తాన్ నిజంగానే అనువాదం చేసే స్థితికి వచ్చాడు.

మా ఇంటి నుంచి తెచ్చుకున్నవన్నీ పనికిరానివి కావు. కందకం మీద సన్నటి దూలం వేసి, వీపు మీద బరువుతో దాటమన్న రోజున పెద్ద పెద్ద పహిల్వాన్ల లాంటి కుర్రాళ్ళు టపటపా కింద పడ్డారు. నేను మా పొలానికి పోయినట్టు పోయాను, వెనక్కి కూడా వచ్చాను. వాళ్ళందరికీ పాదం ఎలా పెట్టాలో ఉస్తాద్ నా చేతే చెప్పించాడు. మంచాల తనిఖీలో మస్తాన్ మడిచిన కంబళి అంచులు చూసి ఆఫీసరు స్కేలు పెట్టి మడిచావా అని అడిగాడు. పరుపులు కుట్టే ఇంటి బిడ్డకు స్కేలెందుకు?

మళ్ళీ పరీక్ష రోజున నా పేరు పిలవగానే ముందుకు అడుగేశాను. చేతులు భుజం దాకా లేచాయి, మడమలు నేలను గుద్దాయి, తిరగమన్న చోట తిరిగాను, ఆగమన్న చోట రాయిలా ఆగాను. అదే ఆఫీసరు. ఈసారి గీత గీయలేదు, ఉస్తాద్ వైపు చూసి తలూపాడు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం తర్వాత ఏ పతకానికీ కలగలేదు. ట్రైనింగు ముగిసి ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌లో బ్యాండు మోగుతుంటే, ముందు వరసలో మస్తాన్ భుజానికి భుజం కలిపి నడుస్తూ, నాయనా, నీ మాట నిలిచింది అని లోపల్లోపల కేకలు పెట్టాను.

ఇదంతా విని నజ్మా, "తాతా, నాకు తాడెక్కేది రాదు. సగం దాకా పొయ్యి చేతులు జారిపోతాయి," అంది. వచ్చి అరగంట కాలేదు, తన బలహీనత నా ముందు పెట్టేసింది. ఆ మాట పలకడానికి నాకు రెండు నెలలు పట్టింది, దాదాపు ఉద్యోగం పోయింది. "చేతుల మీద బరువు వెయ్యబాకమ్మా, పాదాలతో తాడును మెలేసి పట్టుకో, దాని మీద నిలబడు," అని చెప్పి, వేపచెట్టుకు మోకు కట్టి సాయంత్రం దాకా ఎక్కించాను. ఆరోసారికి కొమ్మ తాకింది. మస్తాన్ చప్పట్లు కొట్టాడు, మా ఇంటావిడ కూడా.

మా పొలాలున్న చోట ఇప్పుడు రొయ్యల చెరువులు. వాటి గట్ల మీద మోటారు సైకిళ్ళు పోతాయి, కాబట్టి ఈ పిల్లల నడకలో వంక లేదు. అన్నం మీద అంత బెంగ లేదు, హిందీ ఫోన్లో విని విని వచ్చేసింది. వీళ్ళ బలహీనతలు వేరు. చేతిలో ఫోను తీసేసుకుంటే సగం మందికి లోకం తెలియదు. రెండుసార్లు ఓడితే మనది కాదులే అని వదిలేస్తారు. అయినా అడగడానికి సిగ్గుపడరు, తెలియనిది తెలియదంటారు. అందులో మా కంటే వీళ్ళు ఎంతో మేలు. మా కాలమే గొప్పదని వాదించే ఓపిక నాకు ఆ సాయంత్రంతో పోయింది.

ఒక్క సంగతి మాత్రం వాళ్ళిద్దరికీ చెప్పలేదు. కసమ్ పరేడ్ అయ్యాక మస్తాన్ ముందే తన యూనిట్‌కు పోయాడు, యూనిట్‌కు పొమ్మనే ఆర్డరు కోసం నేను ఇంకో పది రోజులు అక్కడే ఉన్నాను. ఒక ఉదయం ఉస్తాద్ నన్ను ఈతకొలను దగ్గరికి పిలిచాడు. చుట్టూ ఎవరూ లేరు. ఆ గొంతుతో అంత చిన్నగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"పెంచల్, నువ్వు సముద్రం పక్కన పుట్టినవాడివి. నాకు ఈత రాదు. వచ్చే నెల కోర్సుకు పోవాలి, అందులో ఈత పరీక్ష ఉంది. ఇన్నేళ్ళూ జ్వరమనీ, సెలవనీ తప్పించుకున్నాను. నేర్పిస్తావా?"

నేలను దద్దరిల్లించే మనిషి, రొమ్ము లోతు నీళ్ళలో నా మణికట్టు పట్టుకుని పసివాడిలా భయపడ్డాడు. కడుపు కింద నా చెయ్యి ఆసరా పెట్టి, కాళ్ళు ఎలా కొట్టాలో, ఊపిరి ఎప్పుడు పీల్చాలో, మా ఊరి వాగులో నేను నేర్చుకున్నట్టే నేర్పాను. నీళ్ళు మింగాడు, దగ్గాడు, నన్ను తిట్టాడు, మళ్ళీ మర్నాడు వచ్చాడు. తొమ్మిదో రోజున నా చెయ్యి తీసేశాను. ఆయన అటువైపు గోడ దాకా ఒక్కడే పోయి, గోడ పట్టుకుని వెనక్కి తిరిగి నవ్వాడు. నేను నీళ్ళలోనే నిలబడి ఏడ్చాను, ఎందుకో నాకే తెలియదు.

గట్టు మీద కూర్చుని తల తుడుచుకుంటూ ఆయన అన్నాడు, "ఎవరికీ చెప్పొద్దని అననురా. చెప్పుకో. డ్రిల్ ఉస్తాద్‌కు నిన్నమొన్న చేరిన రంగ్రూట్ కుర్రాడు ఈత నేర్పాడని చెప్పుకో."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎన్నో గొప్పలు చెప్పాను గాని, అన్నిటికంటే పెద్దదైన ఈ గొప్ప చెప్పలేదు. ఇది చెప్పాలంటే ముందు ఆ బూట్ల సంగతీ, పరీక్ష తప్పిన సంగతీ చెప్పాలి కదా అని దాచుకున్నాను. అవన్నీ ఇప్పుడు చెప్పేశాను. ఉస్తాద్, ఇదిగో, ఇది కూడా చెప్పుకున్నాను.